బలవంతులు ఎదురైనప్పుడు దేవుణ్ని నమ్మడమంటే ఊరుకోవడమా?

ప్రశ్న: మా నాన్నగారు పోయాక, ఆయన సాగు చేసిన రెండెకరాల పొలం తమదేనంటూ ఊళ్లో పలుకుబడి గల ఒక కుటుంబం దొంగ కాగితాలు పుట్టించింది. నేను దావా వేసినప్పటి నుంచి మా బంధువుల ద్వారా బెదిరింపులు పంపుతున్నారు. ఆ బంధువులు సైతం "వాళ్లతో నువ్వు నెగ్గలేవు, ఇచ్చింది పుచ్చుకుని తప్పుకో" అంటున్నారు. సంఘంలో కొందరు పెద్దలేమో దేవుణ్ని నిజంగా నమ్మితే కోర్టుకు వెళ్లకూడదంటున్నారు. నేను ఏం చేయాలి?
— ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: సోదరీ, మీ ఉత్తరం చదివినప్పుడు బైబిలులోని యూదా రాజు హిజ్కియా గుర్తుకొచ్చాడు. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తి, ప్రాకారాలు గల 46 పట్టణాలను పట్టుకున్నానని తన శాసనంలో చెక్కించుకున్నాడు. హిజ్కియా మొదట మీ బంధువులు చెబుతున్న దారినే పట్టి, మందిరపు తలుపులకు తొడిగించిన బంగారాన్ని సైతం ఒలిచి పంపి రాజీకి ప్రయత్నించాడు. బంగారం పుచ్చుకున్నాక కూడా సన్హెరీబు సైన్యాన్ని యెరూషలేముకు పంపనే పంపాడు. అన్యాయం చేసేవాడికి ఎంత ఇచ్చినా తృప్తి ఉండదని మీ వాళ్లకు ఈ ఒక్క సంగతితో చెప్పవచ్చు.

ఆ తరువాతి ఘట్టాన్ని (2 రాజులు 18, 19 అధ్యాయాలు) మీరు నిదానంగా చదవండి. అష్షూరు రాజు పంపిన రబ్షాకే ప్రాకారం దగ్గర నిలబడి, గోడ మీది జనానికి కూడా అర్థం కావాలని కావాలనే యూదుల భాషలో మాట్లాడాడు. రెండు వేల గుర్రాలు ఇస్తాను, వాటి మీద ఎక్కడానికి మనుషులైనా మీకున్నారా అని ఎగతాళి చేశాడు. మిమ్మల్ని బెదిరించేవారు మీకు నేరుగా చెప్పకుండా మీ బంధువుల చెవిన వేయడంలో ఉద్దేశం కూడా ఇదే: మీ ఇంటివాళ్లే మీ ధైర్యాన్ని కుంగదీయాలి. అతనికి జవాబు ఇవ్వవద్దని హిజ్కియా ముందే ఆజ్ఞాపించాడు గనుక జనం నోరు మెదపలేదు.

బెదిరింపు ఉత్తరం చేతికి వచ్చినప్పుడు హిజ్కియా దాన్ని మందిరంలోకి తీసుకువెళ్లి దేవుని సన్నిధిని విప్పి పరిచాడు. ఆ ప్రార్థనలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒక ఒప్పుకోలు: అష్షూరు రాజులు ఎన్నో దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ఆయన దేవునితోనే అన్నాడు. శత్రువు బలాన్ని తగ్గించి చెప్పుకోలేదు, తన భయాన్ని దాచుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ దేశాల దేవతలు మనుషుల చేతిపనులు గనుక నాశనమయ్యాయనీ, నీవు జీవముగల దేవుడవనీ మొరపెట్టుకున్నాడు. కాబట్టి వణుకుతూ ప్రార్థిస్తున్నందుకు మీ విశ్వాసం లోపభూయిష్ఠమని అనుకోకండి.

ఇక ఊరుకోవాలా అన్న మాట. ఇదే హిజ్కియా నీళ్లను పట్టణంలోకి రప్పించడానికి కాలువ చేయించాడని గ్రంథమే చెబుతోంది. ఆయన తవ్వించినదని ఎక్కువమంది పండితులు భావించే సొరంగం 533 మీటర్ల పొడవున, రాతిని ఇరువైపుల నుంచీ తొలిచి కలిపినది, నేటికీ యెరూషలేములో ఉంది. ఈ పనుల విషయంలో యెషయా ప్రవక్త ప్రజలను గద్దించిన మాట నిజమే (యెషయా 22:11), అయితే ఆయన తప్పు పట్టింది చెరువు కట్టినందుకు కాదు, దానంతటికీ కర్తయైన దేవుని వైపు చూడనందుకు. మీ వకీలు, మీ పాస్ పుస్తకం, అడంగల్ నకళ్లు మీకు ఆ కాలువ వంటివి. వాటిని సిద్ధం చేసుకోవడం అవిశ్వాసం కాదు.

పెద్దలు బహుశా 1 కొరింథీ 6వ అధ్యాయాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉంటారు. అక్కడ పౌలు గద్దించింది సహోదరుడు సహోదరుని మీద వ్యాజ్యెమాడడాన్ని. అవతలివారు కూడా విశ్వాసులైతే ముందుగా సంఘపెద్దల ఎదుట కూర్చోవడం తప్పక ప్రయత్నించవలసిందే. వారు విశ్వాసులు కాకపోతే, తన మీద కుట్ర జరిగినప్పుడు రోమా చక్రవర్తియైన కైసరుకు చెప్పుకుంటానన్న పౌలు (అపొ. కార్యములు 25:11) మీకు తగిన మాదిరి. బెదిరింపుల గురించి వకీలుతో మాట్లాడి పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఖర్చు భారమైతే, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది; జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. హిజ్కియా ప్రార్థించాక ఆ రాత్రి యెహోవా దూత అష్షూరీయుల దండులో లక్షా ఎనభై అయిదు వేల మందిని హతం చేశాడనీ, యెరూషలేము దక్కిందనీ చదువుతాం. యూదాలోని మరో పట్టణమైన లాకీషు మాత్రం దక్కలేదు. అక్కడా ప్రార్థించినవారు ఉండే ఉంటారు. దాదాపు వంద సంవత్సరాల తరువాత యిర్మీయా కాలంలో, మందిరం మన మధ్య ఉండగా మనకేమీ కాదని ధీమాగా ఉన్న జనం ఆ యెరూషలేమునే పోగొట్టుకున్నారు. అందువల్ల తీర్పు తప్పక మీకే అనుకూలంగా వస్తుందని దేవుని పేరిట నేను మాట ఇవ్వలేను, మరెవరైనా ఇస్తే నమ్మవద్దు. న్యాయం ఆయనకు ఇష్టమనీ, విధవరాండ్ర, తండ్రిలేనివారి పక్షాన ఆయన ఉంటాడనీ మాత్రం నిస్సందేహంగా చెప్పగలను. ఆ ధైర్యంతో వాయిదాలకు హాజరవుతూ ఉండండి, ఒంటరిగా కాక సంఘంలో మీకు నమ్మకమైన ఒకరిద్దరిని వెంట తీసుకువెళ్లండి.