కొండ తొర్రల్లో ఇళ్లు: శత్రుభయం ఒక్కటే కారణం కాదు

అమెరికా నైరుతి ప్రాంతపు ఆదివాసులైన ప్యూబ్లోల పూర్వీకులు కొండ చరియల్లో ఇళ్లు కట్టింది శత్రువుల భయంతోనేనా అని అడిగారు. భయం ఉంది. కానీ ఆ ఒక్కటీ చెప్పి ఆపేస్తే జవాబు సగమే అవుతుంది. నాకు బాగా తెలిసిన మీసా వెర్డే సంగతే చెబుతాను.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం నైరుతి మూలనున్న ఈ పీఠభూమి (ఇప్పుడు నేషనల్ పార్కు) మీద వాళ్లు సుమారు క్రీ.శ. 550 నుంచి ఉన్నారు. ఆరు వందల ఏళ్లకు పైగా ఎక్కువ మంది కాపురం కొండ పైనే, మొక్కజొన్న చేల పక్కనే. పెద్ద ఎత్తున తొర్రల్లోకి దిగింది 1200 దరిదాపుల్లో. 1300 వచ్చేసరికి ఊళ్లన్నీ ఖాళీ. ఫొటోల్లో మనం చూసే ఆ కట్టడాల ఆయుష్షు వందేళ్లు కూడా లేదు. పైకప్పు దూలాల్లోని చెట్టు వలయాలను బట్టే ఈ తేదీలు తేల్చారు. బెరడు కింది ఆఖరి వలయం మిగిలి ఉంటేనే చెట్టు నరికిన ఏడాది కచ్చితంగా తెలుస్తుంది. పాత ఇంటి దూలాన్ని పీకి కొత్త ఇంటికి వాడి ఉంటే తేదీ వెనక్కి పోతుంది. అందుకే ఒక్క దూలాన్ని నమ్మరు.

ఇక తొర్ర ఎలా ఏర్పడుతుందో చూడండి, అసలు కిటుకు అక్కడే ఉంది. పైన ఇసుకరాయి, అందులోకి వాన నీరూ మంచు నీరూ ఇంకుతాయి. కిందికి దిగి, నీటిని దిగనివ్వని షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) పొర తగలగానే పక్కకు మళ్లి కొండ అంచున ఊటగా బయటపడతాయి. ఆ తేమ చలికాలంలో గడ్డకట్టి రాతిని పగలగొడుతుంది, పెచ్చులు ఊడి తొర్ర పెద్దదవుతుంది. కాబట్టి చాలా తొర్రల్లో గూడూ నీళ్లూ ఒకే చోట దొరికాయి. ఇక్కడి చరియ ఊళ్లలో ఒకటైన లాంగ్ హౌస్‌లో వెనక గోడ దగ్గర ఆ ఊట ఇప్పటికీ ఉంది. అదే ప్రక్రియ ప్రమాదం కూడా: రాళ్లు ఊడిపడుతున్నాయని ఇలాంటిదే మరో ఊరు స్ప్రూస్ ట్రీ హౌస్‌ను 2015లో మూసేశారు.

రెండో కారణం కట్టుబడి. ఇసుకరాతిని గట్టి రాళ్లతో కొట్టి ఇటుకల్లా చెక్కి, మట్టి, బూడిద, నీళ్లు కలిపిన అడుసుతో పేర్చారు. సందుల్లో చిన్న రాతి చెక్కులు దిగ్గొట్టారు. సున్నం లేని అడుసు వానకు కరిగిపోతుంది, ఆరుబయట గోడకు ఎప్పుడూ మరమ్మతే. తొర్ర కప్పు కింద ఆ బెడద తక్కువ. దక్షిణం, నైరుతి చూసే తొర్రల్లోకి చలికాలపు వాలు ఎండ లోపలి దాకా వస్తుంది. ఎండాకాలం సూర్యుడు నడినెత్తికి ఎక్కుతాడు కాబట్టి నీడే. అయితే ఎండ సరిగా పడని తొర్రల్లోనూ ఇళ్లున్నాయి, కనుక వెచ్చదనమే అసలు కారణమని నేననను.

పూజలకూ, కూడికలకూ నేలలోకి దించి కట్టిన గుండ్రటి గది కివా. దాని గాలి ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. పక్కనున్న నిలువు గొట్టంలోంచి చల్లగాలి కిందికి దిగి, నిప్పుగుంటకు ముందున్న చిన్న అడ్డుగోడకు తగిలి రెండు వైపులా చీలుతుంది. మంట చెదరదు, పొగ నిచ్చెన దిగే కంత గుండా పైకి పోతుంది. కప్పు బల్లపరుపుగా ఉంటుంది, అదే వీధి వాకిలి. క్లిఫ్ ప్యాలెస్‌లో సుమారు 150 గదులు, ఇరవైకి పైగా కివాలు ఉన్నాయి. కానీ ఈ పార్కులోని దాదాపు 600 చరియ ఇళ్లలో ఎక్కువ భాగం ఐదు గదులు కూడా దాటవు.

మరి భయం? బాల్కనీ హౌస్‌కు ఒక దారి ఇరుకు సొరంగం: పొడవు సుమారు 12 అడుగులు, వెడల్పు అడుగున్నర. మోకాళ్ల మీద పాకితే తప్ప సాగదు, ఒక్కొక్కరే రావాలి. అలాంటి దారిని కాపలాకు తప్ప ఇంకెందుకూ పెట్టుకోరు. అదే ప్రాంతంలోని క్యాజిల్ రాక్ ఊరిలో 1280 ప్రాంతంలో జరిగిన దాడిలో కనీసం 41 మంది చనిపోయినట్టు ఎముకలు చెబుతున్నాయి. చేలు మాత్రం కొండ పైనే ఉండిపోయాయి. రాతిలో తొలిచిన వేలిపట్టు, కాలిపట్టు గుంటల మీదుగా రోజూ ఎక్కి దిగేవాళ్లు. గింజలను తొర్రలోనే, ఎత్తైన అరల్లో దాచారు. అంత కష్టానికి ఒప్పుకోవడానికి ముప్పు కూడా కారణమే, కానీ అక్కడే స్థిరపడేలా చేసింది నీళ్లు.

1276 నుంచి 1299 దాకా పెద్ద కరువు. దానికి కొట్లాటలూ తోడయ్యాయి. జనం దక్షిణానికి కదిలి రియో గ్రాండే నది తీరానికి, హోపీ, జూనీ అనే ప్యూబ్లో తెగల ప్రాంతాలకు చేరారు. వాళ్లు మాయమైపోయారని రాసేవాళ్ల మాట నమ్మకండి. వాళ్ల వారసులు ఆ ప్యూబ్లో ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు, కివాలు ఇప్పటికీ వాడుతున్నారు.