ఏథెన్స్‌ది నిజంగా ప్రజాస్వామ్యమేనా? కుండ పెంకుల దగ్గర నాకు దొరికిన జవాబు

మీరు అడిగింది ఇది: "ఆడవాళ్ళకి ఓటు లేదు, ఊరి నిండా బానిసలు. అలాంటి ఏథెన్స్‌ని ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అని ఎందుకంటారు? పుస్తకాలవాళ్ళు పెంచి చెప్పిందేనా?"

నేను ఇరవై రెండేళ్ళుగా ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. ఇదే ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చాలాసార్లు అడిగారు. "అప్పట్లో జనం తక్కువ, అందరూ ఒకచోట చేరి చేతులెత్తేవాళ్ళు, దాన్నే ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అంటారు" అని రెండు ముక్కలు చెప్పి పాఠం ముందుకు నడిపేదాన్ని. అది తప్పు కాదు గానీ, అసలు సంగతి అందులో లేదు.

మా అమ్మాయి జర్మనీలో చదువుకుంటున్నప్పుడు ఇద్దరం కలిసి నాలుగు రోజులు ఏథెన్స్ వెళ్ళాం. వాళ్ళ బజారు, ప్రభుత్వ కచేరీలు, కోర్టులు అన్నీ ఉండిన పాత అగోరాలో ఒక మ్యూజియం ఉంది. పెర్గమాన్ రాజు రెండో అటలస్ క్రీ.పూ. 150 ప్రాంతంలో కట్టించిన పొడవాటి స్తంభాల వసారాని 1950లలో మళ్ళీ పాత రూపంలోనే కట్టి, తవ్వకాల్లో దొరికినవి అందులో పెట్టారు. అక్రోపోలిస్ కొండ మీద పార్థెనాన్ గుడి చూడడం గంటలో అయిపోయింది. ఈ మ్యూజియంలో మాత్రం మధ్యాహ్నమంతా ఉండిపోయాను.

నన్ను ముందు ఆపినవి కుండ పెంకులు. అద్దాల పెట్టెలో అరచేతిలో పట్టేంత ముక్కలు. ఒక్కోదాని మీద మొనదేలిన వస్తువుతో గీరిన అక్షరాలు: మనిషి పేరు, తండ్రి పేరు. థెమిస్టోక్లీస్, నియోక్లీస్ కొడుకు. అరిస్టైడీస్, లైసిమాకస్ కొడుకు. నేను ఎన్నోసార్లు ఎలక్షన్ డ్యూటీ చేశాను. ఓటరు జాబితాలో పేరు, పక్కన తండ్రి పేరో భర్త పేరో వేలు పెట్టి చూసుకుంటూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్న దాన్ని. రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఓటు అదే వరసలో కనబడేసరికి ఒళ్ళు జలదరించింది.

ఇవి ఒకరిని గెలిపించడానికి వేసిన ఓట్లు కావు. ఊరి నుంచి పంపేయడానికి వేసినవి. పెంకుని వాళ్ళు ఆస్ట్రకాన్ అంటారు, ఆ పద్ధతికి ఆస్ట్రసిజం అన్న పేరు దాన్నుంచే వచ్చింది. ఏడాదికోసారి పౌరులంతా కూడే సభలో "ఈసారి పెంకులు వేద్దామా" అని అడిగేవాళ్ళు. సరే అంటే తర్వాత ఒకరోజు జనం పెంకులతో అగోరాకి వచ్చేవాళ్ళు. కనీసం 6,000 పెంకులు పడితేనే లెక్క. అందులో ఎక్కువసార్లు ఎవరి పేరుంటే అతను పది రోజుల్లో బయల్దేరి, పదేళ్ళు బయట ఉండాలి. మన ఊళ్ళల్లో వెలి అంటే నీళ్ళూ నిప్పూ ఆపేయడం, పరువు తీయడం. ఇది అలాంటిది కాదు. ఆస్తి ముట్టుకోరు, ఇంట్లోవాళ్ళని ఏమీ అనరు, పదేళ్ళయ్యాక వచ్చి మళ్ళీ మామూలుగా బతకొచ్చు. నేరం చేశాడని కాదు, ఒక మనిషి మరీ పెద్దవాడైపోతున్నాడన్న భయంతో చేసే పని. క్రీ.పూ. 487లో మొదటిసారి వాడారు. సలామిస్ దగ్గర పర్షియన్ల నౌకాదళాన్ని ఓడించి ఊరిని కాపాడిన థెమిస్టోక్లీస్‌నే, పదేళ్ళు తిరగకముందే ఇలా పంపేశారు.

అక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఒక పాత బావిలో సుమారు 190 పెంకులు దొరికాయి. అన్నింటి మీదా థెమిస్టోక్లీస్ పేరే. చేతిరాతలు చూస్తే రాసినవాళ్ళు 14 మందేనట. అంటే ఎవరో ముందుగానే కూర్చుని రాసి, పంచడానికి సిద్ధం చేసుకున్నారన్నమాట. ఓటు పుట్టిన చోటే ఓట్ల మేనేజ్‌మెంటూ పుట్టింది. అది చదివినప్పుడు బాధేసింది, కానీ అప్పుడే వాళ్ళు నాకు మనుషుల్లా కనిపించడం మొదలైంది.

నా అభిప్రాయం అసలు మారింది మాత్రం ఇంకో రాయి దగ్గర. నిలువుగా నిలబెట్టిన పలక, మీద వరసలు వరసలుగా సన్నటి గాట్లు. క్లెరొటేరియన్ అంటారు. చీటీలు తీసే యంత్రం అనుకోండి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో జ్యూరీకి, అంటే కేసు విని తీర్పు చెప్పడానికి, పేరిచ్చిన ఒక్కో పౌరుడి దగ్గరా పేరు, ఊరు చెక్కిన చిన్న పలక ఉండేది. కోర్టులో జ్యూరీగా కూర్చోవడానికి వచ్చినవాళ్ళ పలకలన్నీ ఆ గాట్లలో గుచ్చేవాళ్ళు. పక్కన ఉన్న గొట్టంలో నల్ల గోళీలు, తెల్ల గోళీలు కలిపి పోసేవాళ్ళు. తెల్లది రాలితే ఆ వరసలో ఉన్నవాళ్ళంతా ఆ రోజు జ్యూరీ. నల్లది రాలితే ఆ వరస ఇంటికి. ఎవరు ఏ కేసులో కూర్చుంటారో పొద్దుటిదాకా ఎవరికీ తెలియదు కాబట్టి, డబ్బులివ్వాలన్నా ఎవరికివ్వాలో తెలియదు. జ్యూరీ కూడా పదీ పన్నెండు మంది కాదు, కేసుని బట్టి 201, 401, 501 మంది.

ఇది కోర్టులకే పరిమితం కాదు. మనకి ప్రజాస్వామ్యం అంటే ఎన్నికలు. వాళ్ళకి ఎన్నిక ఒక మూల మాత్రమే. పదిమంది సేనానుల్ని ఎన్నుకునేవాళ్ళు, ఎందుకంటే యుద్ధం అందరికీ వచ్చిన పని కాదు. పెరిక్లీస్ ఏళ్ళ తరబడి ఊరిని నడిపింది ఆ పదవిలోంచే. మిగతా పదవుల్లో చాలావాటికి లాటరీయే. అరిస్టాటిల్ నేరుగా రాశాడు: చీటీతో పదవులిస్తే అది ప్రజాస్వామ్యం లక్షణం, ఎన్నికతో ఇస్తే కొద్దిమంది పాలన లక్షణం అని. ఎన్నికలో పేరున్నవాడు, డబ్బున్నవాడు, మాటకారి గెలుస్తాడు. చీటీకి ఆ తేడాలు తెలియవు.

క్రీ.పూ. 508లో క్లైస్తనీస్ అనే ఆయన ఊరివాళ్ళని 10 తెగలుగా కొత్తగా కలిపాడు. ఒక్కో తెగలో సముద్రతీరం ఊళ్ళు, లోపలి ఊళ్ళు, నగరం వాడలు మూడూ ఉండేలా చూశాడు, పాత వంశాల పట్టు సడలాలని. తెగకి 50 మంది చొప్పున 500 మంది మండలి. ఏడాదిలో పదోవంతు కాలం ఒక్కో తెగవాళ్ళు రోజువారీ పనులు చూడాలి. వాళ్ళు భోంచేసిన థోలోస్ అనే గుండ్రటి భవనం పునాదులు ఇప్పటికీ అగోరాలో ఉన్నాయి. ఏ రాత్రి ఏ కబురొచ్చినా అందడానికి వాళ్ళలో మూడోవంతు మంది అక్కడే పడుకునేవాళ్ళు. ఆ 50 మందిలోంచి రోజుకొకరిని చీటీ తీసి అధ్యక్షుణ్ణి చేసేవాళ్ళు. ఒక పగలు, ఒక రాత్రి. ఖజానా తాళాలు, రాజ్యం ముద్ర అతని దగ్గరే. జీవితంలో ఆ పదవి ఒక్కసారే. తోళ్ళు ఊనేవాడో, కుండలు చేసేవాడో ఒక రాత్రి ఏథెన్స్ ఖజానా తాళాలు తలకింద పెట్టుకుని పడుకున్నాడంటే, ఆ రాత్రి అతనికి నిద్ర పట్టి ఉంటుందా అని ఆ గుండ్రటి పునాది పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించాను.

చీటీ తీశాక వదిలేసేవాళ్ళు కాదు. పదవిలోకి వెళ్ళేముందు ప్రశ్నలు వేసేవాళ్ళు. నీకు తెలివి ఉందా, చదువుందా అని కాదు. మీ నాన్న ఎవరు, అమ్మ ఎవరు, తల్లిదండ్రుల్ని బాగా చూస్తున్నావా, పన్ను కట్టావా, యుద్ధానికి వెళ్ళావా అని. దిగిపోయేటప్పుడు ఖర్చులకి లెక్క చెప్పాలి. దాన్ని యుథీనా అనేవాళ్ళు. లెక్క తేలేదాకా ఊరు విడిచి వెళ్ళడానికి వీల్లేదు.

ఇక మీరడిగిన అసలు మాటకి వస్తాను. బానిసల సంగతి మీరు చెప్పిందానికంటే ఘోరం. థెమిస్టోక్లీస్ ఓడలు కట్టించిన డబ్బు లారియన్ వెండి గనులది. ఇరుకు సొరంగాల్లో ఆ వెండి తవ్వింది బానిసలు. ఈ అగోరాలోనే క్రీ.పూ. 375 నాటి శాసనం ఒకటి దొరికింది. బజారులో చెల్లే వెండి నాణేలు అసలువో నకిలీవో పరీక్షించడానికి ప్రభుత్వ బానిస ఒకణ్ణి కూర్చోబెట్టాలని అందులో ఉంది. అతను మంచిదన్న నాణేన్ని ఏ వ్యాపారీ కాదనకూడదు. అదే శాసనంలో, అతను పనికి రాకపోతే 50 కొరడా దెబ్బలని కూడా ఉంది. ఊరంతా అతని మాట మీద డబ్బు తీసుకుంటుంది, అతనికి మాత్రం ఊరిలో మాట లేదు. దీన్ని కాలం అలాంటిదిలే అని నేను దాటవేయలేను.

ఆడవాళ్ళది ఇంకో రకం. క్రీ.పూ. 451లో పెరిక్లీస్ చట్టం తెచ్చాడు: తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్‌వాళ్ళైతేనే కొడుకు పౌరుడని. అంటే పౌరసత్వానికి అమ్మ కావాలి, సభలో మాత్రం అమ్మ ఉండకూడదు. ఆ చట్టం తిరిగొచ్చి పెరిక్లీస్‌కే తగిలింది. అతను కలిసి బతికిన అస్పేషియా మిలేటస్ అనే వేరే నగరం నుంచి వచ్చిన ఆవిడ, కాబట్టి వాళ్ళ కొడుకు పౌరుడు కాడు. ప్లేగులో మిగతా ఇద్దరు కొడుకులూ పోయాక, ఈ పిల్లవాడికైనా పౌరసత్వం ఇమ్మని సభని బతిమాలుకున్నాడు, ఇచ్చారు. ఆ కొడుకు పెద్దవాడై సేనాని అయ్యాడు. క్రీ.పూ. 406లో ఆర్జినూసే దగ్గర సముద్ర యుద్ధంలో గెలిచాడు కూడా. కానీ తుపానులో మునుగుతున్న తమవాళ్ళని కాపాడలేదని ఎనిమిది మంది సేనానుల్ని సభ ఒకే ఓటుతో దోషులుగా తేల్చింది. చేతికి దొరికిన ఆరుగురిని చంపేశారు, వాళ్ళలో అతనొకడు. అందరినీ కలిపి ఒకే ఓటుతో విచారించడం చట్టవిరుద్ధమని, నేనొప్పుకోనని ఆ రోజు చివరిదాకా నిలబడింది ఒక్క మనిషి. చీటీలో పేరొచ్చి ఆ 50 మందిలో కూర్చున్న సోక్రటీస్. తర్వాత జనం పశ్చాత్తాపపడ్డారు గానీ అప్పటికి ఏముంది.

ఒకసారి మాత్రం సమయానికి మనసు మార్చుకున్నారు. క్రీ.పూ. 427లో లెస్బాస్ దీవిలో మిటిలీన్ అనే నగరం ఏథెన్స్ మీద తిరగబడితే, అక్కడి మగవాళ్ళందరినీ చంపమని ఓటేసి ఓడ పంపేశారు. తెల్లారాక "మనం ఏం చేశాం" అనుకుని మళ్ళీ సభ పెట్టారు. దాదాపు సగం సగం చేతులు లేచాయి, కొద్ది తేడాతో చంపొద్దన్నవాళ్ళు గెలిచారు. రెండో ఓడ బయల్దేరింది. బార్లీ పిండి ద్రాక్షసారా, నూనెలతో కలుపుకుని తెడ్లు వేస్తూనే తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. అక్కడ ఆజ్ఞ చదివి అమలు చేయబోతుండగా అందుకున్నారు. ఊరు మిగిలింది. అయినా తిరుగుబాటు నడిపినవాళ్ళని వెయ్యిమందికి పైగా చంపారని ఆ కాలపు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. నేను క్లాసులో ఈ కథ చెప్పినప్పుడు ఆ చివరి వాక్యం కూడా చెబుతాను.

కాబట్టి నా జవాబు: అవును, అది ప్రజాస్వామ్యమే, ఆ "ప్రజ" అన్న గీత లోపల ఉన్నవాళ్ళకి. గీత చాలా చిన్నది, క్రూరమైనది. లోపల మాత్రం వాళ్ళు చేసినది ఈ రోజు మనం కూడా చేయడం లేదు. ఎవరు పాలించాలో ఎంచుకోవడంతో ఆగలేదు, వంతు వచ్చినప్పుడు పాలించారు, దిగేటప్పుడు లెక్క చెప్పారు.

తిరిగొచ్చాక మా తొమ్మిదో తరగతిలో ఇది చేసి చూశాను. క్లాస్ లీడర్ని తీసేసి, రోజూ పొద్దున చీటీ తీయడం. పేరొచ్చిన పిల్లో పిల్లాడో ఆ రోజు మధ్యాహ్న భోజనం లైను చూడాలి, లైబ్రరీ బీరువా తాళం పెట్టుకోవాలి, సాయంత్రం లేచి ఏం జరిగిందో అందరికీ చెప్పాలి. మొదటివారం గోలగోల. బాగా మాట్లాడే పిల్లలు "మేమైతే ఇంకా బాగా చేస్తాం టీచర్" అని అలిగారు.

మూడోవారంలో ఒక అమ్మాయి పేరొచ్చింది. హాజరు పిలిస్తే తప్ప గొంతు వినిపించని పిల్ల. భయపడి ఏడుస్తుందేమోనని నాకు టెన్షన్. ఆ పిల్ల తాళం తీసుకుని, ఇంటర్వెల్‌లో కూడా బయటికి పోకుండా బీరువాలో పుస్తకాలన్నీ రిజిస్టరుతో సరిచూసింది. ఎవరూ చెప్పలేదు. సాయంత్రం లేచి, రిజిస్టర్ గుండెలకి హత్తుకుని, "రెండు పుస్తకాలు తక్కువున్నాయి టీచర్. పోయిన సంవత్సరం తీసుకున్నారు. సంతకం మీదే ఉంది" అంది.

క్లాసంతా నిశ్శబ్దం. ఆ పిల్ల కూర్చోలేదు, నేను చెప్పేదాకా నిలబడే ఉంది. మర్నాడు పొద్దున్నే రెండు పుస్తకాలూ తెచ్చి ఆ రోజు చీటీలో పేరొచ్చిన పిల్లాడికి అప్పగించాను. వాడు రిజిస్టర్‌లో నా సంతకం ఎదురుగా తేదీ వేయించుకున్నాడు.