ట్రాక్ కోసం పాత మియాటా ఇంజన్ విప్పే ముందు

మీ 1999 మాజ్దా మియాటా లక్షా యాభై వేల మైళ్లు తిరిగిందనీ, ట్రాక్ డేల (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజుల) కోసం ఇంజన్ విప్పి ఫోర్జ్‌డ్ (లోహాన్ని నొక్కి గట్టిగా చేసిన) పిస్టన్లు, వాటిని క్రాంక్‌కు కలిపే రాడ్లు, వాల్వులను ఎక్కువగా తెరిచే పెద్ద క్యామ్‌లు వేయించాలనుకుంటున్నారనీ, వేటితో మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. నేను కాలిఫోర్నియాలో ఉంటూ అదే తరం కారును థండర్‌హిల్, లగూనా సెకా రేస్ ట్రాక్‌లలో నడుపుతున్నాను. ఒక ఇంజన్‌ను చేజేతులా పాడుచేసుకుని, రెండోదాన్ని ఇంటి గరాజ్‌లో కట్టుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ జాబితాలో లేని ఆయిల్‌కూ, ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లకూ ముందు డబ్బు కేటాయించండి.

నా మొదటి ఇంజన్ పోయింది పవర్ ఎక్కువై కాదు. అరిగిన రింగులతో 7000 ఆర్‌పీఎం దగ్గర గంటల తరబడి తిప్పితే ఇంజన్ ఆయిల్ తాగుతుంది. సెషన్ల (ట్రాక్ మీద నడిపే విడతల) మధ్య ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ చూడని బద్ధకం నాది. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో ఆయిల్ తగ్గాక, పొడవాటి మలుపుల్లో మిగిలినది ఒక పక్కకు జరిగి పంపు గాలి పీల్చింది. మూడో సెషన్ తరువాత ఐడిల్‌లో (కారు ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఆయిల్ ప్రెషర్ పడిపోతే గేజ్‌దే తప్పనుకున్నాను. ఇంటికొచ్చి ఫిల్టర్‌ను కోసి, లోపలి కాగితపు మడతలను దీపం కింద విప్పి చూస్తే రాగి రంగు నలుసులు తళుక్కుమన్నాయి. అవి క్రాంక్ తిరిగే బేరింగుల లోపలి పొర నుంచి వచ్చినవి.

నీళ్ల సంగతి ఈ కారుకే ప్రత్యేకం. ఈ ఇంజన్ కుటుంబం 323 వంటి కార్లలో అడ్డంగా కూర్చునేందుకు రూపొందింది; అక్కడ నీళ్లు హెడ్ వెనుక చివర నుంచి బయటికి పోయేవి. మియాటాలో ఇంజన్‌ను నిలువుగా పెట్టడంతో ఆ చివర ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య గోడకు) ఆనుకుంది కాబట్టి నీళ్ల ప్రవాహాన్ని వేడిని బట్టి అదుపు చేసే థర్మోస్టాట్‌ను ముందుకు మార్చారు. ఫలితంగా నీళ్లు ముందువైపే లోపలికి వచ్చి ముందువైపే బయటికి పోతాయి, వెనుకనున్న నాలుగో సిలిండర్‌కు చల్లదనం సరిగా అందదు. రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు గానీ, జూలై ఎండలో, థండర్‌హిల్ ఉన్న విల్లోస్ దగ్గర ఇరవై నిమిషాలు నడిపితే తెలుస్తుంది. థర్మోస్టాట్‌ను తిరిగి వెనక్కి మార్చే రీరూట్ కిట్, మందపాటి రేడియేటర్ ఈ ఇబ్బందిని చాలావరకు తీరుస్తాయి.

ఇంజన్ విప్పాలా వద్దా అన్నది కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు (సిలిండర్లు గాలి ఒత్తిడిని ఎంతవరకు నిలుపుతున్నాయో చూసేవి) చేశాకే తేల్చుకోండి. ఫలితాలు బాగుంటే కదపకండి. విప్పక తప్పకపోతే ఆయిల్ పంపు గేర్లు మార్చండి, ఎందుకంటే కంపెనీ గేర్లు పొడిలోహంతో అచ్చుపోసినవి. అధిక ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ప్రకంపనలకు పగలవచ్చు. ఆ ప్రకంపనలను తగ్గించే, రబ్బరు పాతబడిన డ్యాంపర్‌ను కూడా అప్పుడే మార్చేయండి.

మెషిన్ షాపు మీద నమ్మకం ఉంచండి, కానీ కొలతలు మీరూ తీసుకోండి. నా ఇంజన్ బ్లాకును బోరింగ్ చేసిన (సిలిండర్లను కొద్దిగా పెద్దవిగా తొలిచిన) షాపు శుభ్రంగా కడిగామని చెప్పి ఇచ్చింది. ఆయిల్ దారుల్లో సన్నని బ్రష్ దూర్చి తీస్తే నల్లటి ఇనుప రజను వచ్చింది. రెండు సాయంత్రాలు సబ్బునీళ్లతో కడిగాను, సిలిండర్ గోడలను తుడిచిన తెల్లగుడ్డ తెల్లగానే తిరిగొచ్చే దాకా ఆపలేదు. బేరింగ్ క్లియరెన్స్‌కు (బేరింగ్‌కూ క్రాంక్‌కూ మధ్య ఆయిల్ నిలిచే సందుకు), జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) వ్యాసంలో ప్రతి అంగుళానికి వెయ్యో వంతు అంగుళం అన్నది పాత లెక్క. 50 మిల్లీమీటర్ల మెయిన్ జర్నల్‌కు దాదాపు 0.05 మిల్లీమీటర్లు అవుతుంది. ఈ సందును కొలిచే మెత్తని ప్లాస్టిగేజ్ దారాన్ని జర్నల్ మీద పరిచి, బేరింగ్ క్యాప్‌ను చెప్పిన టార్క్‌కు బిగించి, మళ్లీ విప్పి, నలిగిన దారం వెడల్పును కొలిచే ఓపిక ఉండాలి. కొలిచేటప్పుడు క్రాంక్ కదిలిందో, మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే.

ఇక మీరు అడిగిన భాగాలు. టర్బో లేకపోతే కంపెనీ రాడ్లు చాలు. టర్బో పెట్టే ఉద్దేశం ఉంటేనే ఫోర్జ్‌డ్ రాడ్లు కొనండి, ఎందుకంటే టార్క్ పెరిగితే ముందుగా వంగేవి అవే. ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి కాబట్టి వాటిని ముందే కొని షాపుకిచ్చి, తయారీదారు చెప్పిన క్లియరెన్స్‌కే సిలిండర్లను హోనింగ్ (సన్నగా అరగదీసి నునుపు) చేయమనండి. పెద్ద క్యామ్‌ల సంగతి ఈసారికి వదిలేయండి. 140 హార్స్‌పవర్ కారుతో నేర్చుకోవలసినది నాకే ఇంకా చాలా మిగిలి ఉంది.

కొత్త ఇంజన్‌తో కొద్దిసేపు తిరిగాక మొదటి ఆయిల్ మార్చి, ఆ ఫిల్టర్‌నూ కోసి చూడండి. మొదటిసారి కొంత సన్నని రజను కనిపించడం మామూలే. రెండోసారీ అలాగే కనిపిస్తే మాత్రం ట్రాక్‌కు తీసుకెళ్లేందుకు కారును ట్రెయిలర్ ఎక్కించకండి.