ఆరేళ్ల బాబుకు ఐదో నంబరు ట్యూబేనా?

ప్రశ్న: మా బాబుకు ఆరేండ్లు. టాన్సిల్స్ ఆపరేషన్ చెయ్యాలన్నరు. బరువు పదిహేను కిలోలే, చూస్తే నాలుగేండ్ల పిలగాని తీరు ఉంటడు. మత్తు ఇచ్చినంక గొంతులకు వేసే గొట్టం వయసును బట్టి తీస్కుంటరట. మావోనికి పెద్దదైతదేమో?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: లెక్క మొదలయ్యేది వయసుతోనే. రెండేళ్లు దాటిన పిల్లలకు వయసును నాలుగుతో భాగించి, చివర గాలిబుడగ (కఫ్) ఉన్న ట్యూబుకైతే 3.5, లేనిదానికైతే 4 కలుపుతారు. మీ బాబుకు కఫ్ ఉన్నది 5.0, లేనిది 5.5 వస్తుంది. ఇది గొట్టం లోపలి వ్యాసం, మిల్లీమీటర్లలో. గొంతుకు తగిలేది బయటి వ్యాసం. అది కంపెనీని బట్టి మారుతుంది. అందుకే ఒకే నంబరైనా ఒకటి సాఫీగా దిగుతుంది, ఇంకొకటి పట్టేస్తుంది.

బక్కగా ఉన్నంత మాత్రాన శ్వాసనాళం సన్నగా ఉండదు. చూడాల్సింది ఎత్తు. ఎత్తు కూడా నాలుగేళ్ల పిల్లలంతే, అంటే మీటరు దరిదాపుల్లో ఉంటే 4.5 సరిపోవచ్చు. ఎట్లయినా 4.5, 5.0, 5.5 మూడూ బల్ల మీద ఉండాల్సిందే. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకైతే లెక్క కన్నా అర నంబరో, ఒక నంబరో తగ్గించి మొదలుపెడతారు.

తుది తీర్పు మాత్రం లీకుది. ట్యూబు దిగాక కఫ్‌లో గాలి నింపకుండా, ఊపిరి ఇచ్చే బ్యాగు మెల్లగా నొక్కుతారు. పీడనం 20 సెంటీమీటర్ల నీటిమట్టానికి చేరేలోపు ట్యూబు పక్క నుంచి గాలి జారిన చప్పుడు వినపడాలి. వినపడకపోతే ట్యూబు బిగుతు. తీసి అర నంబరు చిన్నది వేయాలి. ‘దిగింది కదా, పోనీ’ అని వదిలేయకూడదు. స్వరపేటిక కింద క్రికాయిడ్ అనే మృదులాస్థి ఉంగరంలా చుట్టూ మూసుకుని ఉంటుంది. లోపలి పొర వాస్తే బయటికి సాగే చోటు లేదు, దారే ఇరుకవుతుంది. పసికందు శ్వాసనాళం 4 మిల్లీమీటర్లనుకుంటే, చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపుతో గాలి దారి నాలుగో వంతే మిగులుతుంది.

మరీ వదులైనా చిక్కే. ఇచ్చిన గాలి ఊపిరితిత్తులకు చేరదు, టాన్సిల్స్ దగ్గరి రక్తం కిందికి జారుతుంది. అందుకే ఈ ఆపరేషన్‌కు కఫ్ ఉన్నదే మేలు.

లోతుకు వేరే లెక్క: వయసులో సగానికి 12 కలిపితే పెదవి దగ్గర 15 సెంటీమీటర్లు. టాన్సిల్స్‌కు వాడే ముందే వంచిన ట్యూబుతో ఇక్కడే జాగ్రత్త పడాలి. వంపు ఎక్కడుండాలో కంపెనీయే నిర్ణయించేసింది. పొట్టి పిల్లలకు కొస కుడి ఊపిరితిత్తిలోకి దిగిపోవచ్చు. రెండు వైపులా స్టెతస్కోపు పెట్టి వినాలి, తల వెనక్కి వంచాక మళ్లీ వినాలి.

మీరు దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది: గత రెండు వారాల్లో జలుబు, దగ్గు వచ్చాయా అని. వచ్చి ఉంటే ఆపరేషన్ వాయిదా పడవచ్చు, కోపం తెచ్చుకోకండి.

ప్రశ్న: చిన్న పిల్లలకు కఫ్ ట్యూబు వద్దని మా సీనియర్లంటారు. నిజమేనా?
– థియేటర్ నర్సు, వనపర్తి

జవాబు: పాత కఫ్‌లు చిన్నగా, గట్టిగా ఉండేవి, ఆ భయం అప్పటిది. ఇప్పటివి పలుచన, తక్కువ ఒత్తిడికే గాలిని ఆపుతాయి. మూడు కిలోలు దాటిన, నెలలు నిండి పుట్టిన శిశువుకు కూడా 3.0 కఫ్ ట్యూబు వేస్తున్నారు. షరతు ఒకటే: కఫ్‌లోని ఒత్తిడిని మీటరుతో కొలిచి 20 సెంటీమీటర్ల నీటిమట్టం లోపు ఉంచాలి. పైలట్ బుడగను (కఫ్‌కు గొట్టంతో కలిసి బయట ఉండే చిన్న బుడగ) వేళ్లతో నొక్కి చెప్పే అంచనా నమ్మదగ్గది కాదు. మత్తు వాయువు నైట్రస్ ఆక్సైడ్ వాడుతుంటే అది కఫ్‌లోకి ఊరి ఒత్తిడి పెంచుతుంది, మధ్యమధ్య కొలవండి. ట్యూబు తీశాక కుక్క మొరిగినట్టు దగ్గు, గాలి లోపలికి పీల్చేటప్పుడు కూత వినిపిస్తే వెంటనే మత్తు డాక్టరును పిలవండి. అడ్రినలిన్ నెబ్యులైజేషన్‌తో (మందును తుంపరగా చేసి పీల్పించడం) తగ్గినా రెండు గంటల్లో మందు పని అయిపోయి మళ్లీ రావచ్చు, బిడ్డను వెంటనే వార్డుకు పంపకండి.