మామ్మగారిని ఎత్తుకుపోయారా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథకి నువ్వే చేసిన ఇంగ్లీషు అనువాదం చదివాను. హాయిగా సాగిపోతుండగా బస్టాండు సీను దగ్గర ఆగిపోయాను. మామ్మగారి మెడలో గొలుసు తెంపుకుపోయిన చోట ‘దే స్టోల్ ది ఓల్డ్ ఉమన్’ అని రాశావు. చదివినవాళ్లు గొలుసుని వదిలేసి మామ్మగారినే ఎత్తుకుపోయారనుకుంటారు!

స్టీల్ (వంటింటి స్టీల్ కాదులే), రాబ్ రెండూ దొంగతనం మాటలే. కానీ స్టీల్ చేసేది వస్తువుని: గొలుసు, సైకిలు, ఫోను. రాబ్ చేసేది మనిషినో, బ్యాంకునో. పోయిందేమిటో కూడా చెప్పాలంటే ‘రాబ్డ్ హర్ ఆఫ్ హర్ చెయిన్’ అనాలి. మన ‘దోచుకోవడం’ నిన్ను తడబెట్టి ఉంటుంది. ఊరిని దోచుకున్నారంటాం, నగలు దోచుకున్నారనీ అంటాం. ‘దొంగిలించడం’ అలా కాదు, అది స్టీల్ లాగే వస్తువుని తప్ప ముట్టుకోదు.

ఇంకో తేడా జబర్దస్తీ. స్టీల్‌లో చప్పుడుండదు, స్టెల్త్ (చాటుమాటుగా చేయడం) దాని చుట్టమే. రాబరీలో బెదిరింపో దెబ్బో ఉండాలి. 1860 నాటి పీనల్ కోడ్ కూడా దొంగతనాన్ని 378వ సెక్షన్‌లో, రాబరీని 390లో విడివిడిగా పెట్టింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 303, 309 అయ్యాయి. మధ్యలో 304గా స్నాచింగ్ (లాక్కుపోవడం) కొత్తగా చేరింది. మామ్మగారికి జరిగింది అదే కనక ‘స్నాచ్డ్ హర్ చెయిన్’ అన్నా నాకు అభ్యంతరం లేదు.

అయినా నన్నడిగితే ఇక్కడ రాబ్డే బాగుంటుంది. ‘హర్ చెయిన్ వాజ్ స్టోలెన్’ అంటే గొలుసు ముందుకొస్తుంది, ఎస్సై కంప్లయింట్‌లో రాసుకునే వాక్యం అది. ‘షి వాజ్ రాబ్డ్’ అంటే ఆవిడ ముందుకొస్తుంది. నీ కథ ఆవిడదే కదా.

లండన్ మనవడి చేత ‘సమ్‌వన్ రాబ్డ్ మై ఫోన్’ అనిపించావు. అది ఉండనీ, అక్కడి కుర్రాళ్లు అలా అంటారు. కథ చెప్పే గొంతులోకి మాత్రం రానివ్వకు.

చివరి పేరాలో మామ్మగారు ‘నా గొలుసు పోయిందే’ అంటే ‘ఐ లాస్ట్ మై చెయిన్’ అని పెట్టావు. ఎక్కడో పారేసుకున్నట్టుంది. అదీ మార్చి ఆ రెండు పేజీలూ మళ్లీ పంపు.