మిర్చి సీజను దాటేవరకు పాత కంప్యూటరే చాలు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. మిర్చి యార్డులోని నాలుగు కమీషన్ దుకాణాలకు ఇంటి నుంచే లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు సిద్ధం చేస్తాను. నెలకు 22,000 వస్తుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు 30,000 దాకా ఉంటుంది. ఇంటి ఖర్చు 15,000. 2014లో కొన్న డెస్క్‌టాప్ నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, ర్యామ్ 4 జీబీ. ఆన్ చేస్తే పని మొదలుపెట్టడానికి పది నిమిషాలు. పొద్దున్నే తేదీ కూడా మారిపోయి ఉంటుంది. మెకానిక్ పాత హార్డ్ డిస్క్ బదులు వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేసి, మరో 4 జీబీ ర్యామ్ చేర్చి 4,800కు బాగుచేస్తానంటున్నాడు. ఇంకో 17,000 ఇస్తే బోర్డు, ప్రాసెసర్ కూడా మారుస్తాడట. దుకాణంలో కొత్త సెట్టు నగదుకు 48,500, వడ్డీ లేని వాయిదాల్లో 52,000 అన్నారు. అందులో మానిటర్ 8,500, యూపీఎస్ 3,000. బ్యాంకులో 65,000 ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఆ 65,000 జోలికి వెళ్లకండి. నాలుగు నెలలకు పైగా మీ ఇల్లు గడిపే డబ్బు అది. ఇప్పుడు కొత్త సెట్టు కొంటే మిగిలేది 16,500, అంటే నెల ఖర్చుకు కాస్త ఎక్కువ. సీజను మధ్యలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే కొత్త కంప్యూటర్ పక్కనే కూర్చుని అప్పు కోసం ఫోన్లు చేయాల్సి వస్తుంది. అలాంటి పరిస్థితి చాలా ఇళ్లలో చూశాను, మీ ఇంట్లో చూడాలని లేదు.

వాయిదాల్లో వడ్డీ లేదన్నారు కదా, 52,000లోంచి 48,500 తీసేయండి. మిగిలిన 3,500 పేరు వడ్డీయే. పన్ను కోసమైనా కొందామా అనుకుంటారేమో, అదీ లేదు. ఏడాదికి మీ రాబడి మూడు లక్షలలోపే. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు కాబట్టి కంప్యూటర్ మీద తరుగుదల చూపినా మీకు మిగిలేదేమీ ఉండదు. మీకు సొంత జీఎస్టీ నమోదు లేకపోతే 48,500లో కలిసి ఉన్న 18 శాతం, అంటే దాదాపు 7,400, తిరిగి రాని ఖర్చే.

ఇప్పుడు 4,800 సంగతి. రోజుకు 40 నిమిషాలు ఎదురుచూపులకే పోతున్నాయనుకుందాం. నెలలో 25 రోజులకు అది దాదాపు 17 గంటలు. నెలకు 150 గంటల పనికి 22,000 సంపాదిస్తున్నారనుకుంటే గంట విలువ 147 రూపాయలు. అంటే పాత హార్డ్ డిస్క్ మీ దగ్గర నెలకు 2,400కు పైగానే తీసుకుంటోంది. రెండు నెలల్లో రిపేరు డబ్బు తిరిగి వస్తుంది. అయితే ఆ మిగిలిన గంటల్లో ఐదో దుకాణం లెక్కలు ఒప్పుకుంటేనే అది చేతికందే డబ్బు, లేకపోతే విశ్రాంతి. విశ్రాంతి కూడా మీకు అవసరమే.

మెకానిక్ చెప్పిన రెండు భాగాల్లో తేడా గమనించండి. ఎస్‌ఎస్‌డీ రేపు కొత్త కంప్యూటర్‌లోకి మీతోపాటే వస్తుంది. ర్యామ్ రాదు. మీది డీడీఆర్3 రకం, ఇప్పటి బోర్డుల్లో అది కూర్చోదు. అందుకే ర్యామ్ సెకండ్ హ్యాండ్‌ది చాలు, ఎస్‌ఎస్‌డీ మాత్రం వారంటీ ఉన్న కొత్తదే వేయించండి. బోర్డు, ప్రాసెసర్‌కు 17,000 పెట్టడం నాకు బొత్తిగా నచ్చలేదు. దానికి ర్యామ్ మళ్లీ కొనాలి, లోపల కరెంటు అందించే పదేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్ పెట్టె దాన్ని మోస్తుందన్న భరోసా లేదు. పాత ఇంటి గోడల మీద కొత్త అంతస్తు వేసినట్టు ఉంటుంది.

తేదీ మారిపోవడం పెద్ద జబ్బు కాదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032 అని అడగండి. పదుల రూపాయల్లో వస్తుంది. గడియారం తప్పితే వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరికలు చూపి ఆగిపోతాయి, వోచర్ల తేదీలూ పొరపాటు పడతాయి. జీఎస్టీ సైటు పనిచేయడం లేదని మీరు ఇన్నాళ్లూ తిట్టుకున్న రోజుల్లో కొన్ని ఈ బ్యాటరీ పుణ్యమే అయ్యుంటాయి.

మరి కొత్తది అసలు అక్కర్లేదా? కావాలి, కానీ ఇప్పుడు కాదు. మీది విండోస్ 10 అయ్యుంటుంది, దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ నుంచే నడుస్తుంది, మీది నాలుగోది. మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్లలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు రక్షణ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్‌కు ఒప్పుకుంటే రుసుము కూడా లేదు. ఈ వారమే చేరండి. నలుగురు వ్యాపారుల పాస్‌వర్డులు మీ యంత్రంలో ఉన్నాయి, వాళ్ల నమ్మకమే మీ పెట్టుబడి.

కాబట్టి డిసెంబరు మిగులుతో రిపేరు చేయించండి. జనవరి నుంచి నెలకు 6,000 చొప్పున ఆరు నెలల రికరింగ్ డిపాజిట్ కట్టండి. జులైకి 36,000, పైన కొద్దిగా వడ్డీ. మానిటర్, యూపీఎస్ బాగానే ఉంటే కొత్తవి కొనకండి, 48,500 కాస్తా 37,000కు దిగుతుంది. మీ మానిటర్ వెనుక నీలిరంగు వీజీఏ సాకెట్ ఒక్కటే ఉంటే కన్వర్టర్ అవసరం కావచ్చు, దుకాణంలో ముందే అడగండి. ఈమధ్య మెమరీ ధరలు పెరుగుతున్నాయి. జులైకి మూడు నాలుగు వేలు పెరిగినా సీజను మిగులు దాన్ని భరిస్తుంది.

ఈలోగా బోర్డే కాలిపోతే? అప్పుడు ఎనిమిదో తరం లేదా ఆపై రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) డెస్క్‌టాప్ 20,000లోపు చూడండి. బిల్లు మీద వారంటీ రాసి ఇవ్వని చోట కొనకండి. 65,000లోంచి తీయడానికి నేను ఒప్పుకునే సందర్భం అదొక్కటే.

మెకానిక్ ఇంటికి వచ్చేలోపు లెక్కల ఫోల్డరంతా రెండు చోట్ల కాపీ చేయండి. విజయవాడ గవర్నర్‌పేటలో నాకు తెలిసిన చిన్న వ్యాపారి ఒకరు ఈ పని రేపు చేద్దామనుకుని ఏడాది లెక్కలు పోగొట్టుకున్నారు. బిల్లు పుస్తకాలు ముందేసుకుని ఆయన భార్య మూడు వారాలు మళ్లీ ఎక్కించింది. తీసిన హార్డ్ డిస్క్‌ను మెకానిక్‌కు వదిలేయకుండా మీ బీరువాలో పెట్టండి. జులైలో కొత్తదానికి మారేటప్పుడు రిటర్నుల గడువులైన 11, 20 తేదీలు దాటాకే మారండి, ఆ తర్వాత ఒక నెల రిటర్నులు పూర్తయ్యేదాకా పాతదాన్ని బల్ల మీదే ఉంచండి.