తప్పించుకున్న మాటలు ముందు రాయి

చిరంజీవి అమ్మాయికి ఆశీర్వదించి రాయునది,

నీ కవితలు, ఉత్తరం అందాయి. నన్ను గురువుగారూ అని రాశావు. మీ నాన్న నన్ను అన్నయ్యా అంటాడు కాబట్టి నీకు పెదనాన్ననే అవుతాను, అలాగే పిలువు. పైగా నీకు 'గ' దగ్గర మాట ఆగిపోతుందని మీ నాన్న చెప్పాడు. గుణుపురంలో ఉంటూ 'గ' పలకలేకపోవడం ఎలాంటిదో నాకు బాగా తెలుసు. నాకు 'ప' అడ్డం. ఉండేది పర్లాకిమిడి. ఏరు దాటితే పాతపట్నం. మెయిన్ లైన్ రైలెక్కాలంటే పలాస! టెక్కలిలో బస్సెక్కితే కండక్టరు చేతిలో డబ్బులు పెట్టి 'లాస్ట్ స్టాప్' అంటాను. ఇన్నేళ్ళు కవిత్వం రాశాక కూడా అంతే. కాబట్టి రాస్తే నత్తి పోతుందా అని నువ్వడిగిన దానికి జవాబు: పోదు.

చిన్నప్పుడు మా నాయనమ్మ వస కొమ్ము అరగదీసి నా నాలిక మీద రాసేది. వాడల్లో వసపిట్టలకి కొదవ లేదు గానీ నాకు మాత్రం ఆ వస పని చెయ్యలేదు. భయం వల్ల వచ్చిందన్నారు, దిష్టి అన్నారు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా అయ్యేసరికి నాలిక తికమక పడిందన్నారు. ఇవేవీ కారణాలు కావని పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. మాటకి కావలసిన కదలికలన్నిటినీ మెదడు సమయానికి నడిపించాలి, తేడా అక్కడ ఉంటుంది. కుటుంబాల్లో నడుస్తుంది కూడా. టెన్షన్ దాన్ని పెంచుతుందే గానీ పుట్టించదు. పిల్లల్లో నూటికి ఐదుగురికి ఏదో ఒక వయసులో వస్తుంది, చాలామందికి దానంతటదే పోతుంది, పెద్దవాళ్ళలో నూటికి ఒకరికి మిగిలిపోతుంది. ఆ మిగిలిన వాళ్ళలో ఆడవాళ్ళు బాగా తక్కువ. నీలాంటి ఇంకో అమ్మాయి నీకు ఇంతవరకూ తగలకపోవడం అందుకే కావచ్చు. స్పీచ్ థెరపీకి వెళ్ళాలనుంటే తప్పకుండా వెళ్ళు. మైసూరులో 1965 నుంచి ఈ పని మీదే ఒక జాతీయ సంస్థ ఉంది. నోటికి సాయం కావాలంటే అక్కడ అడగాలి, ఆ బరువు కవిత్వం మీద పెట్టకు.

'కాగితం మీద నేను తడబడను, అందుకే రాస్తున్నాను' అన్నావు. ఆ సుఖం నాకూ తెలుసు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనలేక పెదాలు బిగుసుకుపోయేవి. అదే క్లాసులో అందరితో కలిసి ఎక్కాలు గడగడా చెప్పేసేవాణ్ణి. పద్యం రాగం తీసి పాడితే ఒక్క అక్షరం కూడా ఆగేది కాదు. నత్తి ఉన్న చాలామందికి ఇంతే, పాటలోనూ పదిమంది గొంతుల్లోనూ మాట జారిపోతుంది. నేను కవిత్వంలోకి వచ్చింది ఆ దారినే. నువ్వూ అలాగే వచ్చినట్టున్నావు. కానీ నీ కవితలు మరీ నున్నగా ఉన్నాయి. మౌనం, సంకెళ్ళు, రెక్కలు, ఎగిరిపోవడం. ఎవరికి ఏ బాధ ఉన్నా ఈ నాలుగు మాటలు సరిపోతాయి. నీ బాధ ఏమిటో మాత్రం వాటిలో కనబడలేదు.

ఒక్క గాజుల కొట్టు కవితలో కనబడింది. అక్క పెళ్ళికి గులాబీ రంగు గాజులు కొనాలని వెళ్ళావు. 'గు' దగ్గర గొంతు పట్టేసింది. కొట్టువాడు కాసేపు చూసి, నువ్వు మూగదానివనుకుని వేళ్ళతో ధర చూపించాడు. నువ్వు గబగబా 'ఆకుపచ్చ' అనేశావు. పెళ్ళి ఫొటోలో గులాబీ రంగు చీర, దాని మీద ఆకుపచ్చ గాజులు. మ్యాచింగ్ తెలియదని అందరూ నవ్వారు. అమ్మాయీ, ఆ వేళ్ళతో చూపించిన ధర ఉంది చూడు, అది ఇంకెవరూ రాయలేరు. అంత రాసి చివర 'నా మౌనమే నా కవిత్వం' అన్నావు. ఆ లైను కొట్టెయ్. మ్యాచింగ్ దగ్గరే ఆపు.

మనలాంటి వాళ్ళం రోజంతా చేసే పని అదే కదా, రావలసిన మాట గొంతులో ఆగిపోతుందని ముందే పసిగట్టి దాని బదులు ఇంకోటి అనేయడం. అలా తప్పించుకోవడంలోనే మనకి మాటలు పోగుపడతాయి. నీ వయసు వాళ్ళకి లేని మాటలు నీ దగ్గర ఉన్నాయి, చూశాను. అవి కాసేపు పక్కన పెట్టి, ఇంతవరకూ నోట రాక మింగేసిన మాటలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకో. పక్కనే ఎక్కడ మింగావో, బదులుగా ఏమన్నావో, ఎదుటివాళ్ళు ఏమనుకున్నారో రాయి. నేను చాలాకాలం అలా రాశాను. కొత్తలో చదువుకుంటే ఏడుపొచ్చేది. కొన్నాళ్ళకి నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఫలానా చోట ఆగిపోయే మనిషి అంటూ ఒకడున్నాడు, వాడి మీద కోపం పెట్టుకోవలసిన పని లేదు అనిపించింది. ఏ రోజున అనిపించిందని అడిగితే చెప్పలేను.

నీ కలం పేరు 'ఆ'తో ఎందుకు మొదలవుతుందో మీ నాన్నకి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. పెట్టుకోవడం నీ ఇష్టం. అచ్చులో పేరు ఎవరూ పలకమని అడగరు కాబట్టి, అసలు పేరు పెట్టి చూస్తే నీకు పోయేదేమీ లేదు.

ఇంకో సంగతి. నీ కవితల్లో నత్తి దాక్కున్నట్టే మన మాట కూడా దాక్కుంది. మీ పక్కింటి మావుసి కవితలోకి వచ్చేసరికి 'పొరుగింటి పిన్నిగారు' అయిపోయింది. ఇంట్లో 'ఏటమ్మా' అనే మీ అమ్మ కాగితం మీద బెజవాడ తెలుగు మాట్లాడుతోంది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్ళో పాఠాలు చెప్పినవారే. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని పెద్ద పెద్ద పండితులతో తలపడ్డారు. సవరల భాష నేర్చుకోవడానికి కొండలెక్కి తిరిగారు. అక్కడ జ్వరాలకి మింగిన క్వినైన్ వల్ల చెవులు పోయాయంటారు. సరిగ్గా వినబడని మనిషి జీవితమంతా జనం నోటి మాట కోసం పోరాడాడు! 1936లో మా ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయాం, ఒడియా కలిసిన ఈ తెలుగుతో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఫొటోకి దండ వేసి, మైకు ముందు ఎవరికీ లేని భాష మాట్లాడతారు మనవాళ్ళు. సరే, ఆ గొడవ వదిలెయ్. మావుసిని మావుసిగానే రానివ్వు, చాలు.

నత్తి గురించి రాశావని తెలిస్తే నీ ధైర్యానికి చప్పట్లు కొడతారు. కొట్టనీ. ఆ చప్పట్ల హడావుడిలో కవిత ఎలా ఉందో ఎవరూ చెప్పరు, అదే ఇబ్బంది. చెప్పేవాళ్ళని ఒకరిద్దరిని వెతుక్కో. ఒకడు మరీ నిర్మొహమాటంగా ఇక్కడ ఉన్నాడు.

ఉగాది కవి సమ్మేళనానికి నీ పేరు రాయించాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అంటారు. నీకు ఆరు కావాలని నిర్వాహకులకి ముందే చెప్పాను, ఒప్పుకున్నారు. గాజుల కవితే చదువు. 'గులాబీ' దగ్గర ఆగుతావు. ఆగితే ఆగు. సభలో ఎవరో ఒక పెద్దమనిషి జాలిపడి ఆ మాట అందిస్తాడు, నాకూ అందించేవారు. తల ఊపేసి ముందుకి వెళ్ళిపోకు. నీ నోటితో వచ్చేదాకా ఉండి, అనేసి అప్పుడు తర్వాతి లైను చదువు. నేను ముందు వరసలోనే ఉంటాను, అందించను. మీ నాన్నకి మాత్రం గట్టిగా చెప్పి తీసుకురా, ఆయన ఆగలేడు.

ఆశీస్సులతో,
పెదనాన్న
పర్లాకిమిడి